ఎర్రతోక నేలపంది

వెర్నా హైన్‌లీ పెరటి కంపు గురించి చెప్పాలంటే ముందు నా ముక్కు గురించి చెప్పాలి. పెళ్లయి ఈ వీధికి వచ్చిన దగ్గర్నుంచీ నా వంటింటి కిటికీకి ఎదురుగా ఉన్నది ఆవిడ పెరడే. మధ్యలో ఉన్నదల్లా నడుమెత్తు కర్రకంచె. దాని మీదుగా వచ్చే గాలే ఇన్నేళ్లుగా నా ఇంటికి గాలి. పోయిన వేసవిలో ఆ గాలి పీల్చి ఎలా బతికి బయటపడ్డానో ఆ దేవుడికే తెలియాలి.

వింత ఏమిటంటే, మా లోయ మొత్తమ్మీద వెర్నా అంత శుభ్రమైన మనిషి ఇంకొకరు లేరు. సబ్బు వాడాక ఆ సబ్బును కూడా కడిగి పెట్టే రకం. శనివారం వచ్చిందంటే ముంగిట మెట్లు మోకాళ్ల మీద కూర్చుని బ్రష్షుతో తోముతుంది. ఎవరైనా కాఫీకి వస్తే వాళ్లు లేచీలేవకముందే కుర్చీ తుడిచేస్తుంది. మేజోళ్ల మిల్లు మూతపడేదాకా అందులో మేజోళ్ల వేళ్ల దగ్గర కుట్టు వేసే పని చేసింది. పెళ్లి చేసుకోలేదు. అడిగితే, "మగాడి బూట్లకంటిన బురద ఎవరు కడుగుతారు?" అనేది. చివరికి ఆ బురదా తప్పలేదు. భార్య వెళ్లగొడితే తమ్ముడు ఎల్వుడ్ అక్క పంచన చేరాడు. చలికాలంలో రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరయ్యాడు. ఇప్పుడు వాడు తోసేదల్లా తిన్న కంచాన్ని పక్కకి.

వెర్నాకి ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క గర్వం చిక్కుడు పాదు. అది ఆవిడ అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిన విత్తనం. గింజ తెల్లగా ఉండి, కన్ను దగ్గర ముదురు ఎరుపు చుక్క ఉంటుంది. ఆ కాయల్ని పంది తొడ ఎముకతో, బంగాళాదుంపలతో కలిపి పొద్దుటి నుంచి ఉడికిస్తుంది. అక్టోబర్లో ఫైర్ హాల్లో, అంటే ఊరి అగ్నిమాపక బళ్లుండే హాల్లో, జరిగే విందుకి లోయ నలుమూలల నుంచీ జనం వచ్చేది ఆ కూర కోసమే. విత్తనం కోసం ఊరంతా అడిగింది. ఒక్కరికీ ఇవ్వలేదు. ఒకసారి నేనూ నోరు విడిచి అడిగాను.

"నీ పెరట్లో వేస్తే నీ బజారు చిక్కుళ్లతో కలిసి కులం చెడుతుందే లుసీలూ," అంది, మొహమాటమైనా లేకుండా.

చిక్కుడుకి కూడా కులం కట్టిన మనిషితో ఏం మాట్లాడతాం? ఆ పూట నుంచి నేను మళ్లీ అడగలేదు.

గింజలన్నీ నేలమాళిగలో ఒక కాఫీ డబ్బాలో దాచేది. పోయిన వసంతంలో వానలకి మాళిగలోకి నీళ్లొచ్చి డబ్బా మునిగింది. మూత తీసేసరికి గింజలు ఉబ్బి, కొన్ని మొలకలు కూడా ఎత్తాయి. సగం కుళ్లాయి. మిగిలినవి ఆరబెట్టి దాచే వీలు లేదు, వెంటనే నేలలో పడాల్సిందే. దోసెడు గింజలు, ఉన్నవన్నీ పెరట్లో పెట్టేసింది. ఇంట్లో ఒక్క ఎండు గింజ మిగల్లేదు. ఆ పాదుకి కాయ కాసి, ముదిరి, పాదు మీదే ఎండితేనే అమ్మమ్మ చిక్కుడు అనేది ఇక ఉంటుంది. లేకపోతే లేదు. ఈ మాట నాతో చెప్పినప్పుడు ఆవిడ చేతులు తుడుచుకున్న తువ్వాలుతోనే మళ్లీ మళ్లీ తుడుచుకుంటోంది. నాకు జాలేసింది, "అప్పుడు నాకో నాలుగు గింజలు పడేసి ఉంటే?" అని నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

మొక్కలు జానెడు లేచాయో లేదో జింకలు వచ్చాయి.

జింకలంటే అందం అనుకునేవాళ్లు మా వీధికి వచ్చి ఒక్క వేసవి ఉండాలి. అవి జింకలు కావు, కాళ్లు మొలిచిన ఆకలి. గులాబీ మొగ్గల దగ్గర్నుంచి టమాటా తీగ దాకా నమిలేసి, మెట్ల మీద నల్ల ఉండలు రాల్చి పోతాయి. వాటిని అనడం కూడా దండగ. వాటికి ఈ రుచి మప్పింది ఎవరు? మా మగ మహారాజులే. వేసవంతా పెరటి చివర మొక్కజొన్నలు పోస్తారు, ఉప్పుగడ్డలు పెడతారు, వాటికి పేర్లు కూడా పెడతారు. నవంబరు రాగానే నారింజరంగు కోటు తొడుక్కుని, చేతిలో తిన్న ఆ జింకనే కాల్చి, దాని కొమ్ములు పట్టుకుని ఫోటో దిగుతారు. పులిని చంపినంత ఫోజు!

ఎత్తుగా కంచె కట్టుకుందామంటే, మా వీధిలో ఏ కంచే నడుమెత్తు దాటకూడదని మా ఊరి కౌన్సిల్ రూలు. వల కడితే తోసుకుని వచ్చాయి. అప్పుడు వెర్నా వాసనల మీద పడింది.

మొదట మంగలి షాపు నుంచి సంచెడు జుట్టు తెచ్చింది. మనిషి వాసనకి జింక దగ్గరికి రాదట. మిల్లు మూసేటప్పుడు తెచ్చుకున్న మేజోళ్లు ఆవిడ దగ్గర పెట్టెడు ఉన్నాయి. ఆ జుట్టంతా వాటిలో కూరి కర్రలకు వేలాడదీసింది. వాన పడ్డాక అవి ఎలా ఉన్నాయో చెప్పమంటారా? వద్దులెండి, మీరు అన్నం తినాలి కదా. రెండు వారాలు నేను ఆ కిటికీ తెర తియ్యలేదు.

జింకలు ఆ జుట్టు పక్కనే నిలబడి తిన్నాయి.

తర్వాత బకెట్. పగలగొట్టిన గుడ్లు, పుల్లపాలు, దంచిన వెల్లుల్లి, మిరపపొడి కలిపి, మూత పెట్టి, ఎండలో పెట్టింది. మూత పైకి లేచేదాకా ఉంచాలట. లేచింది. అది గరిటెతో తీసి, రబ్బరు చేతితొడుగులు వేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, పాదు చుట్టూ చల్లుతోంది సబ్బుని కడిగే ఆ మహాతల్లి. నేను కంచె దగ్గరికి వెళ్లి అరిచాను.

"ఏమే వెర్నా, మనుషులం బతకాలా వద్దా?"

"నువ్వు నా పాదు తింటున్నావా?"

"లేదు."

"అయితే నీకు కాదులే ఇది," అని మళ్లీ గరిటె ముంచింది.

ఒక వాన వచ్చేదాకా అది పనిచేసింది. వాన వెలిశాక మళ్లీ జింకలు. అప్పుడు మొదలైంది అసలు రోత. ఓ మధ్యాహ్నం వాళ్ల వెనక వరండాలో నేనూ కూర్చుని ఉండగా ఎల్వుడ్‌ని పిలిచింది.

"మగాళ్లదైతే జింకలు దగ్గరికి రావటరా," అంది.

"ఏదక్కా?"

"అదే."

ఎల్వుడ్‌కి అర్థమై చెవులు ఎర్రబడ్డాయి. "లుసీల్ అక్క ఉందే ఇక్కడ!"

"ఉంటే ఏం, ముగ్గురు కొడుకుల్ని పెంచింది. నీ ఒక్కడిదీ చాలదు. శుక్రవారం ఫైర్ హాల్లో బీరు తాగేవాళ్లనందరినీ అడుగు."

"ఏమని అడగనే? కాస్త ఈ డబ్బాలో పోసి పొండ్రా అనా?"

"చిక్కుళ్ల కోసం అని చెప్పు. అక్టోబర్లో మెక్కేది వాళ్లేగా. ఇప్పటిదాకా ఒక్కడూ పాదుకి చెంబుడు నీళ్లు పోసిన పాపాన పోలేదు. ఇదైనా పోయమను."

పోశారు! సిగ్గూ శరం లేకుండా, ఉత్సాహంగా పోశారు. మా ఊరి మగాళ్లు ఒక పనికి ఇంత ఐకమత్యంగా ముందుకు రావడం నేనెప్పుడూ చూడలేదు. ప్రతి శనివారం పొద్దున్నే ఎల్వుడ్ పాలడబ్బాలు మోసుకొచ్చేవాడు. వెర్నా చేతితొడుగులు వేసుకుని కంచె పొడవునా పోసేది, ఆ తర్వాత ఇంట్లోకి వెళ్లి స్నానం చేసి, స్నానం చేసిన తొట్టిని తోమేది. నేను ఆ రకం డబ్బాలో పాలు కొనడం మానేశాను. కాఫీ నల్లగానే తాగుతున్నాను ఇప్పటికీ.

కానీ ఒప్పుకోవాలి, జింకలు ఆగాయి. పాదు కర్రల చివరిదాకా ఎగబాకింది. పూత కూడా వచ్చింది. వెర్నా మొహంలో నవ్వు చూశాను. అది అరుదైన సంగతి కాబట్టి చెబుతున్నాను.

అప్పుడు దిగింది నేలపంది.

మా పెద్దలు దానికి పెట్టిన పేరే అది. పందిపిల్లంత ఒళ్లు, ఎలుక పళ్లు, నేలకి రాసుకునే పొట్ట. వెర్నా పనిముట్ల షెడ్డు కింద బొరియ తవ్వుకుని కాపరం పెట్టింది. దానికి వాసనలు పట్టవు. ఊరి మగాళ్లందరి పుణ్యం మీద కూర్చుని, నిమ్మకు నీరెత్తినట్టు, ముందు కాళ్లతో ఆకు పట్టుకుని తినేది.

ఇక్కడ ఎల్వుడ్ సంఘం సంగతి చెప్పాలి. ఫిబ్రవరిలో నేలపంది బయటికొచ్చి తన నీడ చూసుకుంటే చలి ఇంకా సాగుతుందని మా వాళ్ల నమ్మకం. దాని పేరు మీద మగాళ్లకో సంఘం ఉంది. ఏటా ఫైర్ హాల్లో విందు. వేదిక మీద గడ్డి కూరిన నేలపంది బొమ్మ. మధ్యాహ్నం దాకా బాగానే ఉన్న పెద్దమనుషులంతా లేచి, రెండు చేతులూ పంజాల్లా ఎత్తి, తాతలు వలస వచ్చినప్పుడు తెచ్చుకున్న భాషలో నేలపందికి విధేయులమని ఒట్టేస్తారు. పాస్టరు గారు, బ్యాంకు మేనేజరు కూడా! ఎల్వుడ్ వాళ్ల నాన్న టోపీ పెట్టుకుని వెళ్తాడు. ఒట్టు చెప్పేటప్పుడు వాడి కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. పెళ్లిలో చేసిన ప్రమాణానికి మాత్రం తిరగలేదట, వాడి పెళ్లామే చెప్పింది.

వెర్నా బోను పెట్టింది. లోపల ఖర్బూజా ముక్క. ఓ పొద్దున చూస్తే నేలపంది అందులో ఉంది, పళ్లు కటకటలాడిస్తూ.

"చంపెయ్యరా," అంది వెర్నా.

"ఎందుకే అక్కా చంపడం? బండిలో వేసుకుని నది అవతల వదిలేసి వస్తా."

"మళ్లీ వస్తే?" అన్నాను నేను కంచె ఇవతల నుంచి. "వచ్చినా ఇదో ఇంకోటో ఎలా తెలుస్తుంది? అన్నీ మీ తమ్ముడి మొహంలాగే ఉంటాయి."

వెర్నా ఒక్క క్షణం ఆలోచించి, షెడ్డు తలుపుకి వేయగా మిగిలిన ఎర్ర రంగు డబ్బా తెచ్చింది. బోను ఊచల్లోంచి బ్రష్షు పెట్టి దాని తోకంతా పూసింది. అది బుస్సుమంది. ఆ ఒంటి కంపూ రంగు కంపూ కలిసి కొడుతుంటే నేను ముక్కు మూసుకున్నాను.

"దానికి రంగెందుకే?" అన్నాడు ఎల్వుడ్.

"నువ్వు తీసుకెళ్తున్నది ఇదేనని గుర్తుండటానికి."

తీసుకెళ్లాడు. నా నల్ల కాఫీ చల్లారకముందే తిరిగొచ్చాడు. నది వంతెన అంత దగ్గర కాదు.

"అంత తొందరగానా?" అన్నాను.

"ట్రాఫిక్ లేదక్కా."

"మన ఊళ్లో ట్రాఫిక్ ఎప్పుడు ఉందిరా?"

"వాణ్ని వేపుకు తినకే," అని వెర్నా నన్నే కసిరింది. తమ్ముణ్ని ఎన్ని తిట్టినా తనే తిట్టాలి, పక్కింటివాళ్లు అంటే పడదు.

కాయలు దిగాయి. పిన్నీసంత సన్నగా, లేతగా. ఓ ఆదివారం ఇద్దరం చర్చి నుంచి కలిసే వచ్చాం. కంచె దగ్గరే ఆగిపోయింది వెర్నా. కర్రల మీద ఆకులన్నీ ఉడికించినట్టు వేలాడుతున్నాయి. ఆవిడ చర్చి గౌనుతోనే, ఇన్నాళ్లూ పోసినదంతా ఇంకిన ఆ మట్టిలో, మోకాళ్ల మీద కూలబడింది. ప్రతి తీగా మొదట్లో కొరికేసి ఉంది. కింది కాయలు తినేసింది, పై కాయలు తీగతోపాటే వాడిపోయాయి. వెర్నా ఒక కాయ ఒలిచింది. ఇంకోటి ఒలిచింది. లోపల పచ్చటి నీరు తప్ప గింజ కట్టలేదు. ఒక్కొక్కటే ఒలుస్తూ పోయింది. నేను ఆపలేకపోయాను.

షెడ్డు కింద అలికిడైంది. ఎర్ర తోక ఒకటి బొరియలోకి జారింది.

ఎల్వుడ్ వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. వెర్నా మోకాళ్ల మీద నుంచి లేవకుండానే అడిగింది.

"ఎక్కడ వదిలావురా?"

"ఫైర్ హాల్ వెనక," అన్నాడు వాడు. "మనవాళ్లు క్యారెట్లు పెడతామన్నారు. అక్కడే ఉంటుందనుకున్నానే అక్కా. నాన్న టోపీ పెట్టుకుని ఒట్టేశాను. నా చేతుల్తో తీసుకెళ్లి కుక్కల పాలు ఎలా చెయ్యను?"

ఫైర్ హాల్ మాకు మూడు వీధుల అవతల. ఆ పొట్టవేసుకుని కూడా షికారుగా నడిచి రావచ్చు. కంచే చేను మేస్తే ఇక ఎవరికి చెప్పుకుంటాం? కంచె దాటి వెళ్లి వాడి చెంప పగలగొట్టాలనిపించింది నాకు. గడ్డి కూరిన బొమ్మకి ఇచ్చిన మాట దక్కింది. కన్నతల్లిలా వండిపెట్టే అక్కకి ఇచ్చిన మాట మూడు వీధులు కూడా దాటలేదు. థూ!

వెర్నా లేచి, గౌను మార్చుకుని, వంటింటి కిటికీ తీసి, వాళ్ల నాన్న తుపాకి గట్టు మీద ఆనించి కూర్చుంది. ఎల్వుడ్ ముఖం చెల్లక ఎటో వెళ్లిపోయాడు. సాయంత్రం కాకముందే ఒక్క చప్పుడు వినిపించింది.

మంగళవారం నన్ను భోజనానికి పిలిచింది. వెళ్లాను. బల్ల మీద ఉతికిన గుడ్డ, పెద్ద ఇనప గిన్నె, ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ వేసి చిక్కగా ఉడికించిన మాంసం. సిర్కా పులుపు తగులుతూ బ్రహ్మాండంగా ఉంది, నిజం దాచను. రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ఎల్వుడ్ అయితే అక్క మళ్లీ వండిపెట్టిందన్న సంబరంలో గిన్నె అడుగు గీకుతున్నాడు.

"కుందేలా అక్కా? ఎక్కడ దొరికింది?"

"పెరట్లో," అంది వెర్నా.

ఆవిడ కూడా తింటోంది. ఒక్కో ముక్కా కళ్లు మూసుకుని, నమిలి నమిలి, దేనికోసమో వెతుకుతున్నట్టు తింటోంది. కంచం ఖాళీ అయ్యాక చేతులు తుడుచుకుని, ఏప్రాన్ జేబులోంచి కాగితం రుమాలు తీసి బల్ల మధ్యలో విప్పింది. అందులో ఎర్ర తోక ఉంది.

"అమ్మమ్మ చిక్కుళ్లన్నీ దీని కడుపులోకే పోయాయి," అంది. "ఇక మనం వాటిని తినాలంటే ఇందులోనే తినాలి. పారెయ్యబుద్ధి కాలేదు."

నేను సింకు దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ తోమిన సింకు అది, పాడుచేశాను. వెనక్కి తిరిగేసరికి ఎల్వుడ్ ఇంకా అలాగే కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ బల్ల అంచుమీద, ఎత్తడానికి శక్తి లేనట్టు.

అక్టోబర్లో ఫైర్ హాల్ విందు ఆగలేదు. గోడమీద కాగితం ఎప్పటిలాగే అంటించారు, వెర్నా చిక్కుళ్లు అని. ఆవిడ సూపర్ బజారు నుంచి సంచీలకొద్దీ చిక్కుళ్లు తెచ్చి, అదే గిన్నెలో, అదే ఎముకతో, పొద్దుటి నుంచి ఉడికించింది. జనం బారులు తీరి వడ్డించుకున్నారు. పాస్టరు గారు గడ్డానికి కారుతుండగా, "అదే రుచి వెర్నా, ఏడాదంతా దీనికోసమే చూస్తాం!" అన్నారు. బ్యాంకు మేనేజరు రెండోసారి వచ్చాడు. "పాదుకి మేం పోసినదాని మహత్యం!" అని ఎవడో అరిస్తే బల్లలన్నీ నవ్వాయి. అవి నాలుకలా, అరిగిన బూటు అట్టలా? ఇలాంటివాళ్లకి వెర్నా ఇన్నేళ్లు వండిపెట్టిందని తలుచుకుంటే నాకు అసహ్యం వేసింది. నాకు మాత్రం తేడా తెలిసిందా అంటారేమో. తెలియలేదు. అందుకు ఇంకా అసహ్యం వేసింది.

ఎల్వుడ్ తలుపు పక్కన ఒంటరిగా కూర్చున్నాడు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, చెంచా గిన్నెలో దించేశాడు. వెర్నా అది చూసింది. గరిటె చేతిలో ఉండగానే వాడి దగ్గరికి నడిచింది. ఆ మంగళవారం భోజనం తర్వాత ఆవిడ వాడితో తనంతట తాను మాట్లాడటం అదే మొదలు.

"ఏం?"

"ఇవి అవి కావక్కా."

"తెలిసిందా?"

"తెలిసింది."

"అయితే తిను," అంది వెర్నా. వాడి గిన్నె ఖాళీ అయ్యేదాకా గరిటె పట్టుకుని పక్కనే నిలబడింది.